పదకొండో నంబరు బీరమ్మ

బీరమ్మకు తలనొప్పి వస్తోందంటే ఆ సంగతి ఆమె కంటే ముందు ఇంట్లోవాళ్ళకు తెలిసిపోయేది. ముందురోజు సాయంత్రం నుంచే ఆవలింతలు మొదలయ్యేవి. ఎవరు పలకరించినా కసురుకునేది. తెల్లవారి ఎడమకంటి ముందర రంపం పళ్ళలాంటి వెలుగొకటి పుట్టి, వణుకుతూ, మెల్లగా పక్కకు జరిగేది. అది ఆరిపోయిన కాసేపటికి కుడి కణతలో పోటు అందుకునేది. ఇక ఆ రోజంతా గొంగడి ముసుగేసుకుని గోడవైపు తిరిగి పడుకునేది. గుక్కెడు మజ్జిగ తాగినా కక్కేసేది. గొర్రెపిల్ల అరిచినా, పక్కింటివాళ్ళు జొన్నలు దంచినా లేచి కూర్చుని వాళ్ళ ఏడుతరాలనూ తిట్టిపోసేది. నెలకు ఆరేడుసార్లు ఇదే వరస.

పాలమూరుకు మూడు కోసుల దూరంలో ఉంటుంది వాళ్ళ ఊరు. వాళ్ళు కురుమలు. మగవాళ్ళు గొర్రెలు కాసేవాళ్ళు, గొంగళ్ళు నేసేవాళ్ళు. ఆడవాళ్ళు ఉన్ని వడికేవాళ్ళు. బీరమ్మ వడికినంత సన్నని దారం ఆ చుట్టుపక్కల ఎవరి చేతిలోనూ సాగేది కాదు. ఆమె మొగుడు పెద్దులు నేసిన గొంగడిని అంగట్లో వేళ్ళతో తడిమి చూసి, “ఇది బీరమ్మ దారమేనా?” అని అడిగి మరీ కొనేవాళ్ళు. పెద్దులు నెమ్మదస్తుడు. ఇంట్లో మాట్లాడే పని పెళ్ళానికి వదిలేసి తాను గొర్రెలతో గడిపేవాడు.

తలనొప్పి ఆమెకు ఈడొచ్చిన ఏడు మొదలైంది. తండ్రి చేయించని వైద్యం లేదు. తుమ్మాకు పసరు ముక్కులో పిండారు. శొంఠి అరగదీసి నుదుటికి పట్టించారు. బీరప్పకు పొట్టేలును కోసి గుడిముందు డోళ్ళు కొట్టించారు. ఆ చప్పుడుకు పిల్ల స్పృహ తప్పి పడిపోతే దేవుడు పూనాడనుకుని ఇంకా గట్టిగా కొట్టారు. ఆఖరుకు ఒక నాటువైద్యుడు ఇనుప చువ్వ ఎర్రగా కాల్చి రెండు కణతలకూ వాతలు పెట్టాడు. కదలకుండా నలుగురు పట్టుకున్నారు. పుండ్లు మానాయి, మచ్చలు మిగిలాయి, నొప్పి మాత్రం పోలేదు. అప్పటి నుంచి వైద్యం పేరెత్తితే చాలు, “మొదలు నీ కణతకు పెట్టుకో, తగ్గితె నా కాడికి రా” అనేది బీరమ్మ.

ఆమెకు ఇరవై ఎనిమిదేళ్ళు వచ్చేసరికి ఇద్దరు పిల్లలు. అది 1938. ఆ ఏడు వానలు వెనకబట్టాక మొగుడూ పెళ్ళాం గొంగళ్ళు తీసుకుని పాలమూరు అంగడికి వెళ్ళారు. నడిమధ్యాహ్నం, ఎండలో, జనం మధ్య ఆమెకు కంటిముందు రంపపు వెలుగు పుట్టింది. కాసేపటికి బాటపక్కన కూలబడి కక్కడం మొదలుపెట్టింది. పెద్దులుకు ఏం చేయాలో తోచక గొంగడి పట్టుకుని ఆమెకు నీడ చేస్తూ నిలబడ్డాడు.

ఆ దారిన పోతున్న జానయ్య ఆగి చూశాడు. ఊరవతల ఒక జాగీర్దారు కట్టించిన చిన్న దవాఖానలో అతను కంపౌండరు. దగ్గరి పల్లెలో మాలవాడలో పుట్టి, మిషనువాళ్ళ బడిలో నాలుగు అక్షరాలు నేర్చుకుని, ఆ పని సంపాదించుకున్నాడు.

“తల ఒక్కదిక్కే నొస్తుందా అక్కా?” అని అడిగాడు. పెద్దులే తలూపాడు. “మా సారు గసంటోళ్ళ కోసమే దేవులాడుతున్నడు. లేవండి, తోలుకపోత.”

ఆ సారు డాక్టర్ పురుషోత్తం. బెజవాడ దిక్కు మనిషి, మద్రాసులో చదివాడు. నలభై ఏళ్ళుంటాయి. బట్టలు ఇస్త్రీ నలగకుండా ఉండేవి. రోగుల మాట వింటున్నప్పుడు ఏదో దుర్వాసన వచ్చినట్టు మొహం పెట్టేవాడు.

“ఎన్నాళ్ళ నుంచి వస్తోంది?” అన్నాడు.

“గిప్పుడు అడుగకు. నొప్పి లేనినాడు అడుగు, చెప్త.”

జానయ్య సూది సిద్ధం చేసి, ఆమె జబ్బ తుడవడానికి దూది పట్టుకుని వచ్చాడు. అతనెవరో అప్పటికే ఆమెకు తెలుసు. అంత నొప్పిలోనూ చెయ్యి వెనక్కి లాక్కుంది. “నువ్వు ముట్టకు.”

జానయ్య దూది బల్లమీద పెట్టి పక్కకు జరిగాడు. డాక్టరే విసుక్కుంటూ సూది వేశాడు.

అరగంట గడిచింది. కాలిలో లోతుగా దిగిన తుమ్మముల్లును ఎవరో నేర్పుగా లాగేసినట్టు, కణతలోని పోటు జారిపోయింది. బీరమ్మ లేచి కూర్చుంది. బయట ఎండను చూసింది. కళ్ళు మూసుకోవలసిన అవసరం రాలేదు. పదిహేనేళ్ళలో, ఒకసారి మొదలైన నొప్పి నడుమ ఆగడం అదే మొదటిసారి. పెద్దులు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆమె కళ్ళలో తిరగలేదు.

“గదేం సూది?” అని అడిగింది డాక్టరును.

“మందు సూది.”

“మందని నాకు గూడ ఎరుకే. ఏం మందంటున్న.”

“చెబితే నీకు అర్థమవుతుందా?” అని డాక్టరు చేతులు కడుక్కోవడానికి వెళ్ళిపోయాడు.

ఆ మందు విదేశాల్లో ఒక ధాన్యపు కంకికి పట్టే బూజు నుంచి తీస్తారనీ, పార్శ్వపునొప్పికి పనిచేస్తోందని అక్కడి డాక్టర్లు రాస్తున్నారనీ, మన డాక్టరు కూడా దాన్ని పరీక్షించి పెద్ద పత్రికకు రాసి పంపాలనుకుంటున్నాడనీ జానయ్య తరువాత చెప్పాడు. అందుకు పన్నెండుమంది తలనొప్పి ఆడవాళ్ళు కావాలి. దవాఖాన వెనక రేకుల కొట్టంలో ఆరువారాలు ఉండాలి. తిండి వాళ్ళే పెడతారు. నొప్పి వచ్చినప్పుడల్లా సూది వేస్తారు. వేరే మందేదీ తినకూడదు. చెప్పింది అంతే.

పెద్దులుకు గొర్రెలను తోలుకుని కృష్ణ ఒడ్డుకు వలసపోయే కాలం దగ్గరపడింది. “ఉండరాదు? జర తగ్గుతదేమో” అన్నాడు. అత్త బక్కమ్మ ఒప్పుకోలేదు. “పిల్లలను ఇడిసిపెట్టి దవాఖానల పండుకుంటవా? నొప్పి నీ ఒక్కదానికే ఉన్నదా లోకంల?” అంది. బీరమ్మ ఉన్ని మూట కట్టుకుని, చేతికదురు నడుముకు దోపుకుని బయలుదేరింది.

కొట్టంలో పన్నెండు మంచాలు. ప్రతి మంచానికీ ఒక చీటీ అంటించి ఉండేది. బీరమ్మది పదకొండు. డాక్టరు ఎవరినీ పేరుతో పిలిచేవాడు కాదు. “పదకొండుకు నిన్న ఎన్ని గంటలకు మొదలైంది?” అని జానయ్యను అడిగేవాడు, మంచం మీద కూర్చుని ఉన్న మనిషిని వదిలేసి. మొదటి వారంలోనే ఆమె, “పదకొండు ఈడనే ఉంది, నోరు గూడ ఉంది, దాన్నడుగు” అంది. ఆడవాళ్ళు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. డాక్టరు నవ్వలేదు.

పన్నెండో మంచం గోవిందమ్మది. భూత్పూరు పక్క పల్లె. మొగుడు పోయాక కూలికి పోయి బతికేది. ఆమెది వేరే రకం నొప్పి. తలచుట్టూ తాడుతో బిగించినట్టు పొద్దస్తమానం ఉండేది. మాట మెత్తన. జానయ్య సూది తీసుకురాగానే రెండు చేతులూ జోడించి, “దేవుడోలె వచ్చినవు నాయినా” అనేది. సూది వేసిన గంటకల్లా, “సల్లగైంది తల” అని నిద్రపోయేది. ఎన్నేళ్ళుగానో కంటిమీద కునుకెరగని మనిషి.

బీరమ్మ మొదటి మూడు రోజులు, నొప్పి వచ్చినా జానయ్య చేతి సూది తనకు వద్దని చెబుతూ వచ్చింది. నాలుగోనాడు నొప్పి లేచింది. డాక్టరు ఊళ్ళో లేడు. పళ్ళు కొరుకుతూ జబ్బ చాపింది. జానయ్య ముట్టుకుని సూది వేశాడు. ఆ తరువాత ఆమె ఆ మాట ఎత్తలేదు, అతనూ ఎత్తలేదు.

ఆమె మనసులో అనుమానం పుట్టించింది దారం. సూది వేసిన కొన్నిసార్లు నొప్పి చక్కగా దిగిపోయేది. కొన్నిసార్లు ఎప్పటిలాగే పొద్దుగూకేదాకా పొడిచి, దానంతటది పోయేది. మందు ఒకటే అయినప్పుడు ఇదేం పని అనుకుంది. మర్నాడు ఉన్ని వడకడానికి కూర్చుంటే ఇంకో వింత కనపడింది. నొప్పి దిగిన సూది తరువాత వేళ్ళ కొసలు చల్లబడి, చీమలు పాకినట్టు తిమ్మిరెక్కేవి. ఉన్ని సమంగా జారేది కాదు. దారం ముడతలు ముడతలుగా వచ్చి తెగిపోయేది. నొప్పి దిగని సూది తరువాత వేళ్ళు మామూలుగా ఉండేవి, దారం వెంట్రుకలా సాగేది.

ఆమె అంతకుముందు వడికిందీ కలిపి, ఒక్కో సూది మర్నాటి దారాన్ని విడిగా ఉండచుట్టి మంచం కింద వరసగా పెట్టడం మొదలుపెట్టింది. ఐదో వారం ముగిసేసరికి ఎనిమిది నొప్పులు వచ్చిపోయాయి. ఎనిమిది ఉండలు తీసి ఒళ్ళో వేసుకుని ఒక్కొక్కటే విప్పి చూసింది. నొప్పి దిగిన నాలుగుసార్లవి ముడతలవి, దిగని నాలుగుసార్లవి సన్ననివి. ఒక్కటి కూడా తప్పలేదు.

లేచి, జానయ్య సూదులు ఉడకబెట్టే గదికి వెళ్ళింది.

“జానన్నా, నీ తాన రెండు సీసలున్నయి. ఒకదాంట్ల మందుంది. ఒకదాంట్ల నీళ్ళున్నయి.”

జానయ్య చేతిలో పటకారు జారి గిన్నెలో పడింది. “ఎవలు చెప్పిండ్రు?”

“నా ఏళ్ళు చెప్పినయి.”

అతను పక్కనుంచి బయటికి పోబోయాడు. ఆమె గడప దాటనివ్వకుండా నిలబడింది. చివరకు, “ఉప్పునీళ్ళక్కా. అందరికీ సగం మందు, సగం ఉప్పునీళ్ళు. చెప్పొద్దని సారు నాతోని ఒట్టు వెట్టించుకున్నడు” అన్నాడు.

బీరమ్మ కొట్టంలోకి వచ్చి అందరికీ వినపడేలా చెప్పింది. కొందరు తిట్టారు, కొందరు ఏడ్చారు. ఒకామె అప్పటికప్పుడే మూట సర్దుకుంది. గోవిందమ్మ మాత్రం బీరమ్మ మీదికి వచ్చింది. ఆమె గొంతు పెంచడం అందరూ వినడం అదే మొదటిసారి.

“నాకు పొడిసినప్పుడల్లా తగ్గింది. ఒక్కసారి గూడ తగ్గకుంట లేదు. నీళ్ళకు తగ్గుతదానే? నీకు ఎవలు బాగున్నా కడుపుల మండుతది.”

“నేను సూసింది చెప్పిన. నమ్మితే నమ్ము, లేకుంటే లేదు.”

“నమ్మ!” అంది గోవిందమ్మ. అంటూనే మంచం మీద కూలబడి తల రెండు చేతులతో పట్టుకుంది.

గంటలో డాక్టరు వచ్చాడు. మొహం జేవురించి ఉంది. నేరుగా పదకొండో మంచం దగ్గరికే వచ్చాడు.

“నా ఐదు వారాల పని బూడిదలో పోశావు. తెలుసా నీకు? అసలు అందులో నీళ్ళెందుకు ఇస్తారో తెలుసా?”

“చెప్పు. ఇప్పుడన్న చెప్పు.”

అతను చెప్పకుండా ఉండలేకపోయాడు. కోపంతోనైనా చెప్పాడు. “నీళ్ళు పొడిచినా తగ్గిందనేవాళ్ళుంటారు. నమ్మకంతో తగ్గుతుంది. అందరికీ మందే పొడిస్తే, తగ్గింది మందు వల్లో నమ్మకం వల్లో ఎలా తెలుస్తుంది? నీ కణతలకు వాతలు పెట్టినవాడు కూడా తగ్గుతుందనే పెట్టాడు. వాడు ఎన్నడైనా పరీక్షించి చూశాడా? చూసి ఉంటే నీ మొహం మీద ఆ మచ్చలుండేవి కావు.”

బీరమ్మ వేళ్ళు అప్రయత్నంగా కణతమీదికి వెళ్ళాయి. ఆ మాటలో తప్పు లేదని ఆమెకు అర్థమైంది. అర్థమైనందుకు ఇంకా మండింది.

“మంచి మాటే. మరి మొదలే అనకపోయినవా, సగం నీళ్ళిస్త, సగం మందిస్త, ఏనాడు ఏదో చెప్ప అని? ఏనాడు ఏదో చెప్పకున్నా నేను ఏమనకపోదును. నీళ్ళు ఇస్తున్న అనే ముచ్చటే దాస్తివి.”

“చెబితే ఒప్పుకునేదానివా?”

“ఒప్పుకుందునో లేకుంటే ఇంటికే పోదునో. గది నా ఇష్టం గాదా? గొర్రెకు చెప్పి బొచ్చు కత్తిరిస్తమా? కత్తిరియ్యం. నువ్వు మమ్ముల గొర్లను జేసినవు.”

“గొర్రె నయం. ఇన్ని మాటలు మాట్లాడదు” అన్నాడు డాక్టరు.

అక్కడితో ఆమె మూట కట్టుకుని పోవలసింది. పోలేదు. ఆ తప్పు తనదేనని బీరమ్మ బతికినన్నాళ్ళూ ఒప్పుకుంది. డాక్టరు మర్నాడు పొద్దున మళ్ళీ వచ్చాడు, ఈసారి మెత్తగా. “నువ్వు ఎలాగూ కనిపెట్టేశావు. ఇక నీకు నీళ్ళుండవు. నొప్పి వచ్చేదాకా ఆగకుండా రోజూ మందే వేస్తాను. మూడువారాలు. అసలు నొప్పే రాకుండా ఉంటుందేమో చూద్దాం” అన్నాడు. నొప్పి రాని మూడువారాలు. పదిహేనేళ్ళుగా ఆమె అలాంటివి మూడువారాలు చూడలేదు. ఆ మనిషి మీద ఎంత కసి ఉన్నా జబ్బ చాపింది.

పద్నాలుగు రోజులు నొప్పి రాలేదు. పొద్దున లేవగానే కళ్ళముందు వెలుగు పుడుతుందేమోనని భయంగా చూసుకునేది. పుట్టేది కాదు. ఎండలో కూర్చునేది. బయట మోటబావి దగ్గర ఎద్దులను అదిలించే అరుపులు వినేది. కాని వేళ్ళు మాత్రం పగలూ రాత్రీ మంచుముక్కల్లా ఉండేవి. దారం వడకడం ఆపేసింది. ఎడమచేతి చూపుడువేలు తెల్లగా పాలిపోయి, గిల్లినా తెలిసేది కాదు.

“ఏళ్ళు సల్లగైనయి” అని చెప్పింది డాక్టరుకు.

“పుష్యమాసం. అందరి వేళ్ళూ చల్లగానే ఉన్నాయి.”

జానయ్య ఆమె మణికట్టు పట్టుకుని చూశాడు. చాలాసేపు వెతికాడు. “సారూ, ఈ చేతికి నాడి సరిగ దొరుకుతలేదు. ఆపితె మంచిదేమో.”

“నువ్వెప్పుడు డాక్టరువయ్యావు? నీ పని నువ్వు చూడు” అన్నాడు డాక్టరు. ఆ రోజు సూది కూడా వేయించాడు. వేసింది జానయ్యే.

పదిహేనోనాడు వేలు నొప్పి పుట్టింది. తలనొప్పికి అలవాటుపడిన మనిషి, ఆ వేలినొప్పికి గోడకు తల కొట్టుకుంది. కొస మొదట నీలమైంది, తరువాత కాలిన కట్టెలా నల్లబడింది. అప్పుడు డాక్టరు మొహంలో నెత్తురు లేదు. సూది ఆపేశాడు. ఒళ్ళంతా కంబళ్ళు కప్పించాడు, ఏవో మందులు తాగించాడు. రోజుకు నాలుగుసార్లు వచ్చి మణికట్టు పట్టుకుని చూశాడు. మిగతా వేళ్ళు బతికాయి. ఆ ఒక్కటి బతకలేదు. మూడు వారాలు ఆగి, మొదటి కణుపు దాకా అతనే కోసేశాడు.

కోసిన మర్నాడే అతని గొంతు మళ్ళీ మునుపటిలా మారిపోయింది. గడువు దాటినా సూది కోసం కొట్టంలో మిగిలిన ఐదారుగురు వింటుండగా, “దారం వేలికి బిగించి చుట్టుకుని ఉంటావు. నెత్తురు ఆగిపోయింది. ఇంతటితో ఇంటికి వెళ్ళు” అన్నాడు.

బీరమ్మ అతని మొహంలోకి చూసింది. కట్టు కట్టిన చెయ్యి సలుపుతోంది. మూట కట్టుకోకుండా మళ్ళీ మంచం మీద కూర్చుంది.

ఆ మధ్యాహ్నం జానయ్య వచ్చి మంచం కాళ్ళ దగ్గర నిలబడ్డాడు. “అక్కా, ఒక్కటి చెప్తే ఏమనుకోకు. సారు పుస్తకంల నీ ముచ్చట రాసిండు. పదకొండో నంబరు చెప్పిన మాట ఇనలే, నడుమలనే ఎల్లిపోయింది అని రాసిండు. ఏలు మాట లేదు.”

“నా తల తగ్గింది రాసిండా?”

“అది రాసిండు. నాలుగుసార్లకు నాలుగుసార్లు తగ్గింది, పద్నాలుగొద్దులు అసలుకే రాలేదని రాసిండు.”

మర్నాడు పొద్దున డాక్టరు రోగులను చూసే వేళకు బీరమ్మ అతని గదికి వెళ్ళింది. వరండాలో ముప్పైమంది దాకా కూర్చుని ఉన్నారు. పాముకాటు మనిషి తాలూకు చుట్టాలు, పాలబిడ్డల తల్లులు, ఒక పోలీసు జవాను. ఆమె వరస తప్పించి లోపలికి నడిచి, డాక్టరు బల్లకు ఎదురుగా నేలమీద చతికిలబడింది.

“ఏమిటిది? బయటికి పో.”

“పోత. నీ పుస్తకం తియ్యి. పదకొండో నంబరు కాడ ఏం రాసినవో సదువు.”

“అది ఇంగ్లీషులో ఉంటుంది. నీకు...”

“నాకు అర్థం గాదు. ఎరుకే. జానన్నకు అర్థమైతది. జానన్నా, సదువు.”

గుమ్మంలో నిలబడ్డ జానయ్య డాక్టరు వైపు చూశాడు. డాక్టరు వేలు చూపించి, “నోరు తెరిచావంటే ఈ పూటతో నీకు ఇక్కడ పని లేదు” అన్నాడు. వరండాలో జనం లేచి కిటికీ దగ్గరికి చేరారు.

జానయ్య లోపలికి వచ్చాడు. బల్ల మీది పుస్తకం విప్పాడు. ఇంగ్లీషు ముక్క చదివి, తెలుగులో చెప్పాడు. చెప్పినమాట వినలేదు. మధ్యలో వెళ్ళిపోయింది.

బీరమ్మ కట్టు విప్పింది. మొండివేలు బల్లమీద పెట్టింది. బయట ఎవరో “అయ్యో” అన్నారు.

“నీ మందు పనిజేసింది. నేను కాదన్ననా? తల తగ్గిందని రాసినవు, మంచిగైంది. ఏలు పోయింది గూడ రాయి. పద్నాలుగొద్దులు రోజు పొడిస్తే ఏలు కుళ్ళిందని రాయి. రేపు ఇంకో దవాఖానల ఇంకో డాక్టరు నీది సదివి, ఇంకో ఆడిదానికి రోజు పొడువడా? దాని ఏలు గూడ దారం చుట్టుకునే పోతదా?”

“నువ్వు నాకు నేర్పుతున్నావా?” డాక్టరు లేచి నిలబడ్డాడు.

“నేర్పుతలేను. రాయమంటున్న. రాసేదాక లేవ. నూకుతవా, నూకు. గింతమంది సూస్తున్నరు.”

పోలీసు జవాను కూడా చూస్తున్నాడు, కాని లోపలికి రాలేదు. అతని భార్యది కొట్టంలో ఆరో మంచం.

ఎంతసేపు గడిచిందో ఎవరూ లెక్కపెట్టలేదు. ఎవరి బిడ్డో ఏడ్చి ఏడ్చి ఊరుకుంది. డాక్టరు కూర్చున్నాడు. కలం తీసి రెండు వరసలు రాశాడు. కాగితం చిరుగుతుందేమో అన్నంత గట్టిగా రాశాడు. జానయ్య వంగి చదివాడు. “రోజూ సూది. పదిహేనోనాడు ఎడమ చూపుడువేలు కొస చచ్చింది, కోసినం. కారణం మందు కావచ్చు.”

“కావచ్చు అంటె?” అంది బీరమ్మ.

“అంతకంటే రాయను” అన్నాడు డాక్టరు. “ఇద్దరూ బయటికి పొండి.”

జానయ్యకు ఆ పూటతోనే పని పోయింది. సంచీ భుజాన వేసుకుని, ఆలేరు దిక్కు బంధువులున్నారని, రైలెక్కిపోతానని చెప్పడానికి బీరమ్మ దగ్గరికి వచ్చాడు. ఏమన్నా మంచిమాట అంటుందనుకున్నాడేమో, కాసేపు నిలబడ్డాడు.

“సదివినవు, మంచిది” అంది ఆమె. “కాని పొడిసింది నీ చెయ్యే జానన్నా. నాడి దొరుకుతలేదని ఎరికైనంక గూడ పొడిస్తివి.”

“అవునక్కా” అన్నాడు జానయ్య. తల వంచుకుని స్టేషను బాట పట్టాడు. ఆ తరువాత వాళ్ళిద్దరూ ఎన్నడూ కలుసుకోలేదు.

బీరమ్మ ఒక్కతే నడిచి ఊరు చేరింది. బక్కమ్మ ఆ చెయ్యి చూసి, “చెప్పిన గాదా” అంది. ఆ ఒక్కమాటకు కోడలు ఆమెతో ఏడాది మాట్లాడలేదు. ఒకే పొయ్యి మీద ఇద్దరూ విడివిడిగా వండుకున్నారు. ఎండాకాలం పెద్దులు గొర్రెలతో తిరిగి వచ్చాడు. చెయ్యి చూశాడు. కర్ర తీసుకుని పాలమూరుకు వెళ్ళాడు. దవాఖాన గేటు ముందు పొద్దుగూకేదాకా నిలబడి, తిరిగి వచ్చాడు.

ఆ ఎండాకాలం పోయాక విదేశాల్లో యుద్ధం లేచింది. మందు రావడం ఆగిపోయింది. డాక్టరు పురుషోత్తం మద్రాసు వెళ్ళిపోయాడు, దవాఖాన మూతపడింది. రేకుల కొట్టంలో జాగీర్దారు మనుషులు చొప్ప వేసుకున్నారు. డాక్టరు రాసింది అచ్చయిందో లేదో, అచ్చయితే ఆ రెండు వరసలు అందులో ఉన్నాయో లేదో పాలమూరులో ఎవరికీ తెలియదు.

బీరమ్మ నడిమివేలితో వడకడం నేర్చుకుంది. ఏడాది పట్టింది. దారం మునుపటంత సన్నగా ఎప్పుడూ రాలేదు. “ఇది బీరమ్మ దారమేనా?” అని అంగట్లో అడిగేవాళ్ళు తగ్గారు. తలనొప్పి నెలకు ఆరేడుసార్లు వస్తూనే ఉంది. గొంగడి ముసుగు, గోడవైపు మొహం, తిట్లు, అన్నీ మామూలే. ఎవరైనా తలనొప్పి ఆడవాళ్ళు వచ్చి ఆ సూది సంగతి అడిగితే మాత్రం ఉన్నదున్నట్టు చెప్పేది. సూది పనిచేస్తుందని చెప్పేది, మొండివేలు చూపించేది. ఒకటి చెప్పి ఒకటి దాచేది కాదు.

1946లో, చలికాలం మొదట్లో, పాలమూరు అంగట్లో గొంగళ్ళు పరుచుకుని కూర్చుంది. ఒక ముసలామె వచ్చి ముందర నిలబడింది. తలకు గుడ్డ బిగించి కట్టుకుంది. మొదట ఆనవాలు పట్టలేదు. తరువాత గోవిందమ్మ అని గుర్తుపట్టింది. ఎనిమిదేళ్ళలో ఇరవయ్యేళ్ళు మీదపడ్డట్టుంది.

“మంచిగున్నవా గోవిందమ్మా? కూసో” అంది బీరమ్మ. ఆమెకు ఎవరినీ అలా కూర్చోమనే అలవాటు లేదు.

గోవిందమ్మ కూర్చోలేదు. “కూసునేటందుకు రాలేదు. నిన్ను సూడక శానా ఏండ్లాయె. ఒక్కమాట అడగాలని వచ్చిన.”

“అడుగు.”

“నీళ్ళో పాలో, నాకు తగ్గుతుండె. ఐదు వారాలు నేను మనిషోలె పండుకున్న. నువ్వు చెప్పినంక ఒక్క సూదికి గూడ తగ్గలే. అటెన్క ఏ మందుకూ తగ్గలే. ఎవలు ఏ మాత్ర చేతుల వెట్టినా గిది గూడ నీళ్ళేనేమో అనిపిస్తది. మింగుతున్నప్పుడే అనిపిస్తది.”

“నేనేమన్న అబద్ధం చెప్పిన్నా?”

“లేదు. నిజమే చెప్పినవు.” గోవిందమ్మ గొంతు పెంచలేదు. “నన్ను అడిగి చెప్పినవా? నాకు ఎరుక గావాల్నా వద్దా అని ఒక్కసారన్న అడిగినవా? నీ ఏళ్ళు నీకు చెప్పినయి. నన్నెందుకు నడుమల గుంజినవు?”

బీరమ్మ గొంగళ్ళలో అన్నిటికంటే మెత్తనిది తీసి, గోవిందమ్మ వైపు చాచింది.

గోవిందమ్మ దాన్ని ముట్టుకోలేదు. తలగుడ్డ ఇంకొంచెం బిగించుకుని, జనంలో కలిసిపోయింది.

ఆ తరువాత కూడా అంగట్లో ఒకరికొకరు చాలాసార్లు ఎదురుపడ్డారు. గోవిందమ్మ మొహం తిప్పుకుని పోయేది. బీరమ్మ ఆమెను పిలవలేదు.